బంతిని పొడుచు కఱ్ఱ



నేడు నేను ప్రసంగింపబోవునది ఒక కఱ్ఱను గూర్చి. పశువుల నదలించుటకు గాని, ఊతగా బట్టి నడచుటకు గాని పనికివచ్చు కఱ్ఱ కాదది. బిలియర్డ్సు, స్నూకరు, పూల్ అను ఆటలలో బంతిని పొడుచు కఱ్ఱ. ఇంగ్లీషున దీనిని క్యూ అందురు. ఆటకఱ్ఱకు చరిత్రయేమని మీరు నవ్వవచ్చును. అయినను రోకలి నునుపును, నాగలి మేడి నునుపును అరచేతితో నెఱిగినవారు మీరు. ఈ సంగతి పట్టణవాసులకంటె మీకే చక్కగా బోధపడునని నా నమ్మకము.

ఆటను చూడనివారి కొఱకు రెండు మాటలు. నడుమెత్తున ఒక పెద్ద బల్ల యుండును. పిల్లల పలకలు చేయు నల్లరాతి బండలను దానిపై సమముగా బఱచి, వానిమీద పచ్చని యున్నిబట్ట బిగింతురు. అంచుల వెంట రబ్బరు కట్ట యుండును. మూలలందును, ప్రక్కలందును బంతులు పడుటకు సంచులుండును. ఆటగాడు వంగి, ఎడమచేతిని బట్టపై నానించి, వ్రేళ్లను వంతెనవలె నమర్చి, ఆ వంతెన మీదుగా కఱ్ఱను కుడిచేతితో వెనుకకు ముందునకు జార్చి తెల్లబంతిని పొడుచును. అది పోయి వేఱొక బంతిని దాకి సంచిలో బడవేయవలెను.

చూచుటకు ఇది చిన్నపని. కాని ఇందు కఱ్ఱ రెండు విరుద్ధ గుణములను జూపవలసియున్నది. దాని కొన బంతిని జాఱక పట్టుకొనవలెను. దాని కాయము వ్రేళ్లకు పట్టుపడక జాఱవలెను. ఒకే కఱ్ఱకు కొనయందు గఱుకుదనమును, తక్కిన చోట నునుపును దెచ్చుటకు మనుష్యులకు కొన్ని వందల యేండ్లు పట్టినది.

పదునైదవ శతాబ్దమున ఫ్రాన్సు మొదలగు పడమటి దేశములలో ప్రభువులు పచ్చికబయళ్లపై సుత్తివంటి కఱ్ఱలతో బంతుల నాడెడివారు. ఆ యాటయే క్రమముగా ఇంటిలోని బల్లపైకి వచ్చినది. నేటికిని బల్లపై బఱచు గుడ్డ పచ్చగా నుండుట ఆ గడ్డి గుర్తే యని చెప్పుదురు. తొలినాళ్లలో బంతిని పొడుచుట లేదు. తెడ్డువంటి తలగల కోలతో దానిని త్రోయుచుండిరి. బంతి అంచుకట్ట నానుకొని నిలిచినపుడు ఆ వెడల్పు తల దానికి అందదు. అపుడు కోలను తిరుగవేసి, సన్నని తోకతో బంతిని పొడిచెడివారు. ఫ్రెంచి భాషలో తోకకు క్యూ యని పేరు. పదునేడవ శతాబ్దము చివరకు ఆ తోకయే తలను వదలి వేఱు కఱ్ఱ యయ్యెను. స్త్రీలు మాత్రము చాలకాలము తెడ్డుకోలతోనే ఆడవలసివచ్చినది. సన్నకఱ్ఱ నిచ్చిన బట్ట చింపుదురని పురుషుల భయము! బట్ట చింపుటలో పురుషులు తీసిపోరని నేను కన్నులార జూచితిని.

ఒట్టికఱ్ఱ కొన నునుపైన బంతిపై జాఱును. బంతి నడిబొడ్డున తప్ప మఱియెచట పొడిచినను దెబ్బ తప్పును. ఆటగాండ్రు కొనను సున్నపుగోడకు రుద్ది ఆడి చూచిరి. అది కొంత మేలు. పూర్ణమైన యుపాయమును 1807 ప్రాంతమున మింగో అను ఫ్రెంచి సేనాని కనుగొనెను. కొనకు గుండ్రని తోలుబిళ్ల నంటించెను. చెఱసాలలో నుండగా ఆయనకీ యుక్తి తోచెనని కథ. 1827లో ఆయన తన పద్ధతిని పుస్తకముగా బ్రకటించెను. తోలుబిళ్లకు సీమసుద్ద రుద్దినచో అది బంతిని పట్టుకొనును. ప్రక్కన పొడిచిన బంతి బొంగరమువలె దిరుగును. 1826 మొదలు లండనులో థర్‌స్టన్ అనునతడు బల్లలకు రాతిబండల నమర్చసాగెను. ఎండకు వానకు మెత్తబడక, గట్టిపడక యుండు రబ్బరు కట్టలు 1845 నాటికి వచ్చినవి.

ఇచట నా యభిప్రాయ మొకటి చెప్పెదను. బల్ల ఎగుడుదిగుడుగా నున్నంతకాలము బంతి దారి తప్పినచో బల్లను నిందింపవచ్చును. బల్ల సరియైన పిదప తప్పు చేతిదో కఱ్ఱదో తేలిపోవును. కఱ్ఱ వంకర, బరువు, నునుపు అనువానిపై జనులకు దృష్టి గలిగినది అప్పుడే. అంతవఱకు గోడకు జేరవేసిన కఱ్ఱలలో ఏది చేతికి వచ్చిన అది తీసికొనెడివారు. పిమ్మట నావి నీవి యనుట వచ్చినది.

ఈ యాటలతో మన దేశమునకు చుట్టరికము లేకపోలేదు. స్నూకరు పుట్టిల్లు జబల్‌పూరు. 1875లో అచటి సైనికుల భోజనశాలలో నెవిల్ చాంబర్లేన్ అను యువసేనాని పాత యాటకు రంగుబంతులు చేర్చి దీనిని కల్పించెను. శిక్షణశాలలో మొదటి యేటి విద్యార్థిని ఎగతాళిగా పిలుచు పేరే స్నూకరు. దెబ్బ తప్పిన తోడి సేనాని నొకనిని ఆయన అట్లు పిలువగా ఆ పేరే ఆటకు నిలిచినది. 1882లో ఉదకమండలము క్లబ్బున ఆటకు నియమములు వ్రాసిరి. ఆనాడు మన తెలుగు జిల్లాలు పెక్కులు చెన్నపట్టణపు రాజధానిలోనివే. వేసవిలో ఆ ప్రభుత్వము ఉదకమండలమునుండియే పాలించుచుండెను. తానే ఆట కల్పించితినని చాంబర్లేన్ 1938లో లండనులోని ఫీల్డ్ పత్రికకు లేఖ వ్రాయువఱకు పుట్టుక సంగతి వివాదమున నుండెను. తరువాత, 1958లో కలకత్తాయందు విల్సన్ జోన్సు ఔత్సాహికుల బిలియర్డ్సులో ప్రపంచవిజేత యయ్యెను. దొరల గదిలో లెక్క చెప్పుటకు, కఱ్ఱలు తుడిచి వరుసగా నుంచుటకు మార్కరు అను మనవాడొకడుండెడివాడు. నియమములు వ్రాసినవారు దొరలు. కఱ్ఱలను కాచినవారు మార్కరులు.

ఇక కఱ్ఱ సంగతి. స్నూకరు కఱ్ఱకు యాష్ అను సీమచెట్టు కలపను, అమెరికావారి పూల్ కఱ్ఱకు మేపుల్ కలపను ఎక్కువగా వాడుదురు. రెండును చలిదేశపు చెట్లే. మొత్తము పొడవు సుమారు 58 అంగుళములు. స్నూకరు కఱ్ఱ కొన 9, 10 మిల్లీమీటర్ల లావు. పూల్ కఱ్ఱ కొన 12, 13. రోకటికివలె దీనికిని కొన దగ్గఱ పొన్ను గలదు. స్నూకరు కఱ్ఱకు అది ఇత్తడిది. కలప చీలకుండ పొన్ను కాచును. దానిపైననే తోలుబిళ్ల యుండును. యాష్ కలపకు నిలువుచారలు స్ఫుటముగా నుండును. చిత్రికపట్టి సన్నముగా దీర్చినపుడు ఆ చారలు బాణపుములుకులవలె ఒకదానిపై నొకటి తేలును. మేపుల్ కలప పిండివలె సన్నని పోగు గలది. దానిని తరిమెనపై బట్టుదురు. మంచి పనివాడు ఒకేసారి చెక్కి ముగింపడు. కొంచెము చెక్కి నెలల తరబడి వ్రేలాడదీయును. పై పొర తీసినకొలది లోపలి బిగువు సడలి కలప వంగును. ఎంత వంగునో చూచి మరల చెక్కును.

చిత్రిక, ఉలి వదలిన తరువాత గఱుకు కాగితము పని. మన వడ్రంగులు దానిని ఉప్పు కాగితమందురు. ఉప్పు చల్లినట్లుండుటయే కారణము కాబోలు. దానికిని ఒక చరిత్ర గలదు. పదమూడవ శతాబ్దమున చీనావారు గుల్లల పొడిని తోలుపై జిగురుతో నంటించి వాడిరని చెప్పుదురు. సముద్రతీరములవారు సొఱచేప చర్మముతో రుద్దిరి. 1833లో లండనున జాన్ ఓకీ గాజుపొడి కాగితములను విరివిగా జేయ మొదలిడెను. మఱుసటి యేడు అమెరికాలో ఐజాక్ ఫిషర్ పేటెంటు బడసెను. 1891లో ఆచిసన్ అనునతడు కొలిమిలో గాజును గీయునంతటి కఠినపదార్థమును సృష్టించి, కోరండము పేరును గలిపి, కార్బోరండమని పేరిడెను. ఆ కోరండమన్నది మన దక్షిణదేశపు మాటయే. కెంపులజాతి రాతికి మనము కురువిందమందుము గదా! ఆ మాట ఓడనెక్కి పోయి సీమపేరుతో మరల మన వడ్రంగి చేతికి వచ్చినది. 1921లో నీటితో తడిపి రుద్దదగిన కాగితము వచ్చుటతో సన్నపని సులువైనది.

కాగితము వెనుక అంకె వేసియుండును. అంకె పెరిగినకొలది పొడి సన్నము. 400తో మొదలిడి 600, 1000, 2000 వఱకు పోవుదురు. తరిమెనపై ద్రిప్పుచు రుద్దిన గీతలు అడ్డముగా బడును. కావున చివర తరిమెన నాపి, పోగు వెంబడి నిలువుగా రుద్దవలెను. పిదప తడిగుడ్డతో నొకసారి తుడుతురు. నీరు తగులగానే పడుకొనియున్న సన్ననారలు గడ్డపు మొలకలవలె లేచును. ఆఱనిచ్చి, సన్నకాగితముతో మెల్లగా కోయుదురు. రెండు మూడు సార్లిట్లు చేసినపిమ్మట వాన తేమ తగిలినను నార లేవదు. తరువాత తోలుముక్కతో వేడి పుట్టునట్లు తోమిన, కలప తనంతట నిగ్గుదేలును. యాష్ కఱ్ఱకు కొందఱు అవిసెనూనె పట్టింతురు. మేపుల్‌కు కొద్దిగా మైనము పూయుదురు. దళసరి వార్నీషు మాత్రము పనికిరాదు. కఱ్ఱ మొదట, చేత బట్టుచోట, లక్కమెఱుగు పెట్టినను పెట్టవచ్చును. వంతెనపై జాఱు భాగమున దానిని పూసితిమా, చెమటకు వ్రేళ్లు అతుకుకొనును.

లక్కమెఱుగనగా నాకు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక గుర్తువచ్చును. వరాహనది యొడ్డున ఆ యూరివారు అంకుడు కఱ్ఱను తరిమెనపై బట్టి బొమ్మలు చేయుదురు. తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డి నానించిన, రాపిడి వేడికి లక్క కరగి యంటుకొనును. దానిని మొగలియాకుతో నొత్తి సరిచేయుదురు. ఆ యాకుతో వచ్చిన నునుపును నేను దుకాణపు సీసాలలో నెన్నడును జూడలేదు. అయితే బొమ్మకు లక్క అందము. క్యూ కాయమునకు ఏమియు పూయకుండుటయే యందమునకు దగ్గఱ.

నేనింతగా చెప్పుటకు కారణ మొకటి గలదు. మా మేనమామగారి యొద్ద ఇత్తడి పొన్నుగల యాష్ కఱ్ఱ యుండెడిది. పనినుండి విరమించునాడు ఒక ముసలి మార్కరు ఆయనకు దానిని ఇచ్చెను. వానకాలమున కఱ్ఱ చేతికి అతుకుకొనుచున్నదని మామగారనగా, సేవ చేయుదునను ఉబలాటముతో నేను వడ్రంగి యొద్దనుండి ఉప్పు కాగితము తెచ్చి తోమితిని. తోమినంతనే పట్టువలె నయ్యెను. ఆయన మెచ్చుకొనెను. మఱుసటి వానకాలమున మరల తోమితిని. ఇట్లు నాలుగైదేండ్లు గడచెను. ఒకనాడు మామగారు వంతెనపై కఱ్ఱను జార్చుచు ఆగి, పొన్ను దగ్గఱ వ్రేలుంచి చూచిరి. ఇత్తడి అరుగలేదు, కలప అరిగినది. రెంటి నడుమ చిన్న మెట్టు తేలినది.

“ఏమిరా అబ్బాయీ, ఇది తోమినట్లు లేదు, మేసినట్లున్నది” అనిరి.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. సన్నబడిన కొన దెబ్బకు వణకుచుండెను. ప్రక్కన పొడిచిన బంతి ఆయన తలచిన దారిని పోలేదు. ఆ యేటినుండి ఆయన క్లబ్బులోని మామూలు కఱ్ఱతో ఆడిరి. నన్నెన్నడును కఱ్ఱ తుడువుమనలేదు.

నేను తీసివేసినది మురికి యనుకొంటిని. మురికి పైననే యున్నది: సుద్దపొడి, చెమట, చేతి జిడ్డు. బాగుగా పిండిన తడిగుడ్డతో నొకసారి, పొడిగుడ్డతో వేడి పుట్టువఱకు నొకసారి తుడిచిన అది పోవును. పోగు లేచినచో 2000 అంకె కాగితముతో రెండుమార్లు మెల్లగా నిలువున తీసిన చాలును. ముతకకాగితము మురికితోపాటు కలపను గూడ గొనిపోవును. మార్కరులకు ఈ సంగతి తెలియును. వారి చేతిలో గుడ్డయే యుండెడిది.

ఈ నడుమ నల్లని కార్బను నారతో చేసిన కఱ్ఱలు వచ్చినవి. అవి వానకు ఉబ్బవు, ఉప్పు కాగితము నడుగవు. పోటీలలో వానిని పట్టువారు పెరుగుచున్నారు. అయినను యాష్, మేపుల్ కఱ్ఱలను వదలనివారు పెక్కురున్నారు.

మామగారి యనంతరము వారి కఱ్ఱ నాకు వచ్చినది. నేను దానితో ఆడను. ఏడాది కొకసారి సంచినుండి తీసి గుడ్డతో తుడుతును. కొనవైపునకు తుడుచుకొనుచు పోగా పొన్ను దగ్గఱ బొటనవ్రేలు ఆ మెట్టుకు తగులును.