లోహంలోని పొలిమేరలు

కరిగిన లోహం చల్లారేటప్పుడు ఒకేసారి అనేక చోట్ల స్ఫటికాలు పుట్టి, పెరిగి, ఒకదానినొకటి తాకిన చోట ఆగిపోతాయి. అలా ఏర్పడిన ఒక్కొక్క స్ఫటికాన్ని రేణువు అనీ, రెండింటి నడుమ పొలిమేరను రేణు సరిహద్దు అనీ లోహశాస్త్రం వ్యవహరిస్తుంది. మామూలు వేడిమిలో పరమాణు వరుసల జారుడును అడ్డగించి లోహానికి బలమిచ్చే ఈ సరిహద్దులే, లోహం ఎర్రగా కాలినప్పుడు పట్టు సడలి పగుళ్లకు తావవుతాయి. జెట్ ఇంజిన్ లోహాల చరిత్రను నడిపించింది ఈ వైరుధ్యమే.

1941 మే 15న ఫ్రాంక్ విటిల్ ఇంజిన్‌తో గ్లాస్టర్ విమానం ఇంగ్లండులో తొలిసారి ఎగిరినప్పుడు దాని టర్బైన్ రెక్కలు ఉక్కువి. మండే వాయువుల నడుమ ఎడతెగని లాగుడుకు లోనైన ఉక్కు కొద్దికొద్దిగా సాగిపోయేది. ఈ సాగుడునే క్రీప్ అంటారు. దానికి విరుగుడుగా బ్రిటిష్ లోహశాస్త్రజ్ఞులు, విద్యుత్ పొయ్యిల తీగగా అప్పటికే వాడుకలో ఉన్న నికెల్-క్రోమియం మిశ్రమానికి కొద్దిపాటి టైటానియం, అల్యూమినియం చేర్చి నిమోనిక్ 80ని రూపొందించారు. ఆ లోహాన్ని బాగా కాచి చల్లార్చి, మళ్లీ మితమైన వేడిలో గంటల తరబడి నిలిపితే గామా ప్రైమ్ అనే సూక్ష్మకణాలు లోపలంతటా ఏర్పడి జారుడుకు అడ్డుకట్ట వేస్తాయి. చల్లార్పు మందగిస్తే అవి ముతకబడి బలం తగ్గుతుంది.

అయితే వేడికి లొంగని లోహం సమ్మెటకూ లొంగదు. గామా ప్రైమ్ పాలు పెరిగేకొద్దీ రెక్కలను సాగగొట్టి చేయడం దుస్సాధ్యమై, 1950లలో శూన్యంలో లోహాన్ని కరిగించే పద్ధతి అందివచ్చాక అవి క్రమంగా పోతపనిలోకి మారాయి. అమెరికాలోని ప్రాట్ అండ్ విట్నీ సంస్థలో ఫ్రాంక్ వెర్‌స్నైడర్, ఆయన సహచరులు 1960లలో సాధించినది ఈ చరిత్రలోకెల్లా సుందరమైన ఘట్టం. నీటితో చల్లబరచిన పలకపై అచ్చును నిలిపి, దానిని కొలిమిలోంచి మెల్లగా కిందికి దించుతూ పోతే, రేణువులు చెరకు తోటలో గడల్లా అడుగు నుంచి నిలువునా పెరుగుతాయి, రెక్కను లాగే బలానికి అడ్డంగా సరిహద్దులు దాదాపు మిగలవు. అచ్చు అడుగున మెలికలు తిరిగిన సన్నని దారి అమర్చితే ఒకే ఒక రేణువు దానిని దాటి పైకి వస్తుంది. అప్పుడు రెక్క యావత్తూ ఏక స్ఫటికమవుతుంది.

రెక్కలను మోసే చక్రానిది వేరే ధర్మం. అది అంతగా వేడెక్కదు గాని, ప్రతి ప్రయాణంలోనూ బిగుస్తూ సడలుతూ అలసట పగుళ్లకు గురవుతుంది కనుక దానికి సన్నని రేణువులే రక్ష. అందువల్ల చక్రాలను ఫోర్జింగ్‌తో, అంటే కాలిన లోహాన్ని ప్రెస్ కింద అదిమి రూపుదిద్దే పనితో తయారుచేస్తారు; ఆ అదుముడుకు నలిగిన పాత రేణువుల స్థానంలో కొత్తవి, సన్ననివి పుడతాయి. హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ రూపొందించిన ఇంకోనెల్ 718 అనే నికెల్ మిశ్రలోహాన్ని సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్‌కు లోబడి ఫోర్జ్ చేస్తే, నయోబియంతో ఏర్పడే డెల్టా కణాలు సరిహద్దులను పట్టి నిలిపి రేణువులను పెరగనివ్వవు. వేడి హద్దు మీరితే ఆ కణాలు కరిగిపోయి రేణువులు ముతకబడతాయి.

ఈ విద్యకు తెలుగు నేలపై హైదరాబాదు స్థావరమైంది. 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ అక్కడే నికెల్ మిశ్రలోహాల తయారీ చేపట్టగా, అదే నగరంలోని రక్షణ లోహ పరిశోధనశాల 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 ఏక స్ఫటిక రెక్కలను హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించింది.