పటం ముందా, వీధి ముందా?

మొన్న ఆదివారం మా అమ్మాయిని (ఒకటో క్లాసు) కూచోబెట్టి "మనింటి నుంచి స్కూలుకి దారి గీసి చూపించు" అన్నాను. మా ఫ్లాటు గీసింది, లిఫ్టు గీసింది, స్కూలు బస్సు గీసింది, స్కూలు గీసింది. మధ్యలో ఏమీ లేదు. నాలుగు కిలోమీటర్ల హైదరాబాదు ఒక్క గీతలో అయిపోయింది!

నవ్వుకున్నా గానీ, తర్వాత కాస్త గుచ్చుకుంది. నా సంగతి మాత్రం ఏం గొప్ప? టెన్త్‌లో ఔట్‌లైన్ మ్యాపు ఇస్తే భాక్రానంగల్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని గుర్తించేవాణ్ణి. మా వీధి పటం గియ్యమని మాత్రం ఏ మాస్టారూ అడగలేదు.

ఈ పద్ధతిని వందేళ్ళ క్రితమే న్యూయార్కులో ఇద్దరు ఆడవాళ్ళు తలకిందులు చేశారు. మొదటావిడ కెరొలీన్ ప్రాట్, వడ్రంగం పని నేర్పే టీచరు. ఒక స్నేహితురాలి ఇంట్లో ఆరేళ్ళ పిల్లాడు నేలమీద చెక్కముక్కలూ అవీ ఇవీ పేర్చి రైలు మార్గం కట్టుకోవడం చూసింది. చదువంటే ఇదే కదా అనిపించిందట. 1914లో గ్రీనిచ్ విలేజ్‌లో ప్లే స్కూల్ మొదలుపెట్టింది. అదే తర్వాత సిటీ అండ్ కంట్రీ స్కూల్ అయింది. ఇవాళ చాలా దేశాల ప్రీస్కూళ్ళలో కనబడే యూనిట్ బ్లాక్స్ ఆవిడ తయారుచేసినవే.

అక్కడ పిల్లల్ని హడ్సన్ నది రేవుకి తీసుకెళ్ళేవారు. పిల్లలు పడవలూ, సరుకు దింపేవాళ్ళూ, బండ్లూ చూసొచ్చి, అదంతా చెక్క దిమ్మెలతో నేలమీద కట్టేవాళ్ళు. కడుతుంటే అనుమానాలొస్తాయి కదా, పడవ దిగిన సరుకు ఎటు పోతుంది, రోడ్డు ఎక్కడ కలుస్తుంది అని. తేల్చుకోవాలంటే మళ్ళీ వెళ్ళి చూడాల్సిందే. (కోడు రాయడం మొదలెట్టాక గానీ రిక్వైర్‌మెంట్స్ అర్థం కాలేదని తెలిసొస్తుంది చూడండి, అలాగన్నమాట.)

రెండో ఆవిడ లూసీ స్ప్రేగ్ మిచెల్. బర్కిలీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మొదటి 'డీన్ ఆఫ్ విమెన్'. 1916లో న్యూయార్కులో బ్యూరో ఆఫ్ ఎడ్యుకేషనల్ ఎక్స్‌పెరిమెంట్స్ పెట్టింది. అదే 1950లో బ్యాంక్ స్ట్రీట్ కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్ అయింది. ప్రాట్ బళ్ళో పాఠాలు చెబుతూ పిల్లల్ని గమనించి, 1934లో 'యంగ్ జాగ్రఫర్స్' అనే చిన్న పుస్తకం రాసింది.

అందులో ఆవిడ చెప్పేది స్థూలంగా ఇదీ. పసిపిల్లలకి చోటు తెలిసేది వాళ్ళు అందులో నడిచినప్పుడే. ముందు గది, తర్వాత వీధి, తర్వాత ఊరు. దూరదేశాలు ఆ తర్వాతే. పేర్లు బట్టీ పట్టడం భూగోళం కాదు. ఫలానాది ఇక్కడే ఎందుకుంది, దానికీ పక్కదానికీ సంబంధమేంటి అని అడగడం భూగోళం. పటం ఆ ప్రశ్నలకి పనిముట్టు, గోడకి తగిలించే బొమ్మ కాదు.

నన్ను బాగా పట్టుకున్నది ఇంకో మాట. పట్నం పిల్లాడికి అన్నీ తయారై వచ్చినవే కనబడతాయి, వాటి వెనకున్న పనీ, మనుషులూ కనబడరు అంటుందావిడ. పాలు సీసాలో పుడతాయి, నీళ్ళు కుళాయిలో పుడతాయి. మనమేమో దీన్ని ఎన్‌క్యాప్సులేషన్ అని మెచ్చుకుంటాం :) ఇప్పుడు పాల ప్యాకెట్టు ఎవరు పెట్టి వెళ్తున్నారో కూడా తెలీదు, యాప్‌లో డెలివర్డ్ అని పడుతుంది, అంతే.

పిల్లలకి నేర్పాల్సిన పెద్దలకే తమ చోటు తెలీదని కూడా మిచెల్ గుర్తించింది. 1935 నుంచి తన దగ్గర శిక్షణకొచ్చిన టీచర్లని బస్సెక్కించి బొగ్గుగనుల ప్రాంతాల దాకా తీసుకెళ్ళేది, దీపం వెనకున్న మనుషుల్ని కలిసి రమ్మని.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ప్రాట్ కష్టజీవుల పిల్లల కోసమనే మొదలుపెట్టినా, చివరికి ఆ బడి ఎక్కువగా కళాకారులూ, చదువుకున్నవాళ్ళ పిల్లలతోనే నిండింది. మంచి చదువు ఎందుకో ఎప్పుడూ ఆ వైపుకే జారుతుంది.

ఇదంతా చదివాక ఈ ఆదివారం అమ్మాయీ నేనూ కాగితం పట్టుకుని మా అపార్టుమెంటే చుట్టొచ్చాం. పంపు, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, ఇస్త్రీబండి అన్నీ గీసింది. సెల్లార్లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది దగ్గర ఆగింది. వాళ్ళబ్బాయి దీని ఈడువాడే. రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి ఆడుకుంటారు. వాడుండేది ఎక్కడో దీనికి అప్పటిదాకా తెలీదు. నిజం చెప్పాలంటే, ఏడేళ్ళుగా రోజూ ఆ గది పక్కనే కారు పెడుతూ నేనూ ఎప్పుడూ లోపలికి చూళ్ళేదు.

గది గీసి, పక్కన కార్లు గీసి, అడిగింది: "నాన్నా, వాళ్ళిల్లు ఇక్కడే ఎందుకుంది?"

మిచెల్ పిల్లల చేత అడిగించాలనుకున్న ప్రశ్న సరిగ్గా అదే. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.