చీటీ లేని మందులు, ప్రభుత్వ ఆరోగ్య బీమా: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత చరిత్ర

డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి తీసుకునే జ్వరం బిళ్ళ, గ్యాస్ బిళ్ళ, దగ్గు మందు, ఒళ్ళు నొప్పుల ఆయింట్‌మెంట్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుందా? నంద్యాల జిల్లాలో ఈ ప్రశ్నకు జవాబు చిన్నదే: భరించదు. 2007లో ఆరోగ్యశ్రీ పుట్టింది మొదలు ఇప్పటిదాకా పథకానికి పేర్లు మారాయి, పరిమితి లక్షన్నర నుంచి పాతిక లక్షలకు పెరిగింది. ఈ ఒక్క విషయం మాత్రం మారలేదు. అలాగని ఆ మందులు జనానికి ఉచితంగా అందలేదనుకుంటే పొరపాటే. అవి బీమా దారిలో కాక సర్కారు ఆస్పత్రి సరఫరా దారిలో వచ్చాయి. ఈ రెండు దారులూ ఒకదానితో ఒకటి కలవకుండా సాగడమే ఈ చరిత్రలో అసలు విషయం.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడిపడింది. కర్నూలు నుంచి కడపకు పోయే జాతీయ రహదారి మీద నంద్యాల, అక్కడికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ ఉన్నాయి. ఒక పక్క కె.సి. కెనాల్ కింద వరి పొలాలు, ఇంకో పక్క అహోబిలం మీదుగా నల్లమల, అందులో చెంచు గూడేలు. పెద్ద డాక్టరు కావాలంటే నంద్యాల, ఇంకా పెద్ద జబ్బయితే కర్నూలు. తలనొప్పికి మాత్రం ఎవరూ బస్సెక్కరు, వీధి చివరి షాపుకే పోతారు.

చట్టం ఏమంటుంది

చీటీ అక్కరలేని మందులంటూ భారతదేశ చట్టంలో విడిగా ఒక వర్గం లేదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి నియమాలు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులను హెచ్, ఎక్స్ వంటి షెడ్యూళ్ళలో చేర్చాయి. యాంటీబయాటిక్‌లను ఇష్టమొచ్చినట్టు అమ్మడం మితిమీరాక 2014 మార్చి నుంచి హెచ్1 అనే మరో షెడ్యూలు అమల్లోకి వచ్చింది. వీటిలో లేని మందులన్నీ, చట్టం ఆ మాట అనకపోయినా, చీటీ లేకుండా అమ్ముడుపోతాయి. అమ్మే షాపుకు మాత్రం లైసెన్సు ఉండాలి.

దీనికీ ఒక మినహాయింపు ఉంది. షెడ్యూల్ కె ప్రకారం, జనాభా వెయ్యి దాటని ఊళ్ళో పారాసిటమాల్, ఆస్పిరిన్, యాంటాసిడ్, గ్రైప్ వాటర్, ఆముదం, టింక్చర్ అయొడిన్ లాంటి ఇంటి మందులను లైసెన్సు లేకుండా కిరాణా కొట్లో కూడా అమ్మొచ్చు. కంపెనీ ప్యాకింగ్ విప్పకుండా అమ్మాలన్నది షరతు. నల్లమల అంచు ఊళ్ళ లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం ఇది. కానీ చిల్లర కొట్టువాడు షీటును కత్తెరతో కత్తిరించి రెండు బిళ్ళలు చేతిలో పెట్టడం అందరికీ తెలిసిన సంగతే. గడువు తేదీ ముద్రించిన ముక్క కొట్లోనే ఉండిపోతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, ఈ మినహాయింపుల జాబితా నుంచి సిరప్‌లను తీసెయ్యాలన్న ప్రతిపాదన వచ్చింది.

ఆయుర్వేద, యునాని మందులది ఇంకో లెక్క. వాటి తయారీకి లైసెన్సు కావాలి, అమ్మకానికి అక్కరలేదు. అందుకే అమృతాంజనం, జిందా తిలిస్మాత్ ఏ ఊరి బంకులోనైనా దొరుకుతాయి. తెలుగువాళ్ళ సొంత వైద్యం చరిత్రను అమృతాంజనంతో మొదలుపెట్టడం న్యాయం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టి, ఆ రాబడితోనే 1908 నుంచి ఆంధ్రపత్రికను నడిపారు. రాయలసీమ, కోస్తా నాయకులు 1937లో ఒప్పందం చేసుకున్న శ్రీబాగ్ కూడా మద్రాసులోని ఆయన ఇల్లే. సీమ హక్కుల చర్చ వచ్చినప్పుడల్లా ఆ ఇంటి పేరు వినిపిస్తుంది. ఆ ఇంటి వెనక తలనొప్పి మందు డబ్బులున్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

చీటీ అక్కరలేని మందులకు చట్టబద్ధమైన జాబితా ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2022 మేలో 16 మందులతో ఒక ముసాయిదా విడుదల చేసింది. పారాసిటమాల్ 500, పోవిడోన్ అయొడిన్, క్లోట్రిమజోల్, కాలమైన్ లోషన్ వంటివి అందులో ఉన్నాయి. ఒకసారి కొంటే అయిదు రోజులకు మించి ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. బీమా చర్చకు ఈ జాబితా కీలకం. ఏది చీటీ అక్కరలేని మందో చట్టమే తేల్చనప్పుడు ఏ బీమా సంస్థయినా దేనికని డబ్బు కడుతుంది?

బీమా వచ్చిన క్రమం

దేశంలో తొలి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇ.ఎస్.ఐ. అది 1948 నాటి చట్టంతో వచ్చింది. అమలు 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది. చిన్న జబ్బుల మందులను నిజంగా కలుపుకున్న పథకం ఇదొక్కటే అనాలి. చందా కట్టే కార్మికుడు డిస్పెన్సరీకి పోతే దగ్గు మందు కూడా ఇస్తారు. అయితే అక్కడి డాక్టరు రాయాలి. బయట షాపులో తనంతట తాను కొన్నదానికి పైసా రాదు. పైగా నెల జీతం 21,000 రూపాయల లోపున్న సంఘటిత కార్మికులకే ఇది వర్తిస్తుంది. సేద్యం మీద, కూలి పనుల మీద, ఆళ్లగడ్డలోలా శిల్పాలు చెక్కే పని మీద బతికే జనంలో అలాంటివాళ్ళు ఎందరుంటారు? రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1972 నాటి మెడికల్ అటెండెన్స్ నియమాల కింద రీయింబర్స్‌మెంట్ ఉండేది. 2013 చివర్లో నెలకు 90 లేదా 120 రూపాయల చందాతో హెల్త్ కార్డుల పథకం వచ్చింది. రెంటిలోనూ డాక్టరు సంతకం లేనిదే కాగితం కదలదు.

మిగిలిన జనానికి బీమా అంటే ఆరోగ్యశ్రీయే. గుండె ఆపరేషన్లకు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం వచ్చే అర్జీల నుంచి పుట్టిన పథకమిది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వచ్చింది. తెల్లరేషన్ కార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన ఇంకో 50 వేలు. మొదట స్టార్ హెల్త్ సంస్థకు ప్రీమియం కట్టి నడిపించారు, తర్వాత పథకాన్ని చూసే ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. చికిత్సల సంఖ్య త్వరలోనే 942కు చేరింది. ఆ జాబితా నిండా బైపాస్‌లు, కాన్సర్ చికిత్సలు, కిడ్నీ రాళ్ళు. ఇంటిని అప్పుల్లో ముంచే జబ్బు నుంచి కాపాడటమే లక్ష్యం కాబట్టి పది రూపాయల బిళ్ళకు అందులో చోటు లేకపోవడం ఆశ్చర్యం కాదు.

రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయింది ఈ జిల్లాలోనే, ఆత్మకూరు వైపు నల్లమలలోని పావురాలగుట్టపై. ఆ తర్వాత పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. విభజన తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు మీద బొమ్మ మారినప్పుడల్లా ఊళ్ళో 'పాతది చెల్లుతుందా' అన్న ప్రశ్న లేస్తుంది. పరిమితి రెండున్నర లక్షలకు, అయిదు లక్షలకు పెరిగి, 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. చికిత్సలు 3,257 అయ్యాయి. కేంద్రం 2018 సెప్టెంబరు 23న తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ఇదే తరహాది: ఆస్పత్రిలో చేరడానికి మూడు రోజుల ముందు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల ఖర్చు ప్యాకేజీలో భాగం.

2019 తర్వాత 'బిల్లు వెయ్యి దాటితే ఆరోగ్యశ్రీ' అన్న ప్రచారం బాగా నడిచింది. దాన్ని చాలామంది మెడికల్ షాపు బిల్లుకూ అన్వయించుకున్నారు. నిజానికి అది జాబితాలోని చికిత్సకు ఆస్పత్రిలో అయ్యే ఖర్చు గురించి. కొంతలో కొంత, 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా చేతికి నగదు ఇచ్చింది. శస్త్రచికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225, నెలకు 5,000 రూపాయల దాకా. ఆ డబ్బుతో బిళ్ళలు కొన్నా బియ్యం కొన్నా అడిగేవారు లేరు. ఇంటి మందులకు బీమా దగ్గరగా వచ్చిందంటే ఇక్కడివరకే.

ఒక పారాసిటమాల్ బిళ్ళ

ఇదెలా పనిచేస్తుందో చూడాలంటే ఆళ్లగడ్డలో ఒక పారాసిటమాల్ 500 బిళ్ళ వెంట నడిస్తే చాలు. అపెండిక్స్ ఆపరేషన్ అయిన మనిషికి నంద్యాలలో పథకం కిందున్న (నెట్‌వర్క్) ఆస్పత్రి వార్డులో నర్సు ఇచ్చిన బిళ్ళ ప్యాకేజీలోది, ఉచితం. ఇంటికి పంపేటప్పుడు కవర్లో పెట్టి ఇచ్చే పది రోజుల మందులూ ప్యాకేజీవే. ఇవ్వకపోతే ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగొచ్చు, ఫిర్యాదు చెయ్యొచ్చు. పదకొండో రోజు జ్వరమొస్తే ఆ బిళ్ళకు సొంత డబ్బులే. ఆ మనిషే ప్రభుత్వాస్పత్రికి పోయి ఓపీ చీటీ రాయించుకుని ఫార్మసీ కిటికీ దగ్గర నిలబడితే అదే బిళ్ళ మళ్ళీ ఉచితం. అయితే ఈసారి డబ్బు బీమా ట్రస్టుది కాదు, మందుల కొనుగోలు సంస్థది. సాయంత్రం ఓపీ మూసేశాక ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే సూదితో పాటు బిళ్ళ ఖర్చూ అతనికే కట్టాలి. మందు ఒకటే, జబ్బూ ఒకటే. ఎవరు రాశారు, మంచం మీద ఉన్నాడా లేదా అన్నదే తేడా.

లైను కోసం ఒక పూట కూలి పోగొట్టుకునే మనిషి షాపుకు పోవడాన్ని తెలియనితనం అనడం అన్యాయం. ఆ లెక్క అతనికి బాగానే తెలుసు.

సరఫరా దారి

ఉచిత మందుల దారి బీమా కంటే పాతది, నా దృష్టిలో చిన్న జబ్బులకు ఎక్కువ పనికొచ్చింది కూడా ఇదే. జిల్లా, ఏరియా ఆస్పత్రుల నిర్వహణకు 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తు ఏర్పడింది. మందులను ఒకేచోట టోకున కొని జిల్లాలకు పంపే పద్ధతికి తమిళనాడు 1990ల మధ్యలో దారి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థది.

2008లో మొదలైన 104 వాహనాలు నెలకో నిర్ణీత రోజున ఊరికి వచ్చి బీపీ, షుగరు బిళ్ళలు ఇవ్వడంతో పరిస్థితి మారింది. ఊళ్ళో వేపచెట్టు కిందో బడి ఆవరణలోనో బండి ఆగడం, పెద్దవాళ్ళు పాత పుస్తకం పట్టుకుని వరసలో కూర్చోవడం మామూలైంది. మధ్యలో బళ్ళు పాడై, నిధులు తగ్గి ఈ సేవ మందగించింది. 2020 జూలై 1న 108 అంబులెన్సులు, 104 బళ్ళు కలిపి 1,088 కొత్త వాహనాలు రోడ్డెక్కాయి. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం అధికారికంగా మొదలయ్యాక డాక్టరే నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు. ఊరి క్లినిక్‌లో 105 రకాల మందులు ఉంచాలనీ చెప్పారు. జ్వరం, దగ్గు, విరేచనాలు, గజ్జి, కడుపులో మంట లాంటి చిన్న జబ్బుల మందుల్లో చాలావరకు ఆ జాబితాలోనే ఉంటాయి. జాబితాలో ఉండటం వేరు, అలమరలో ఉండటం వేరు.

జనరిక్ షాపుల దారి మరొకటి. కేంద్రం 2008 నవంబరు 25న అమృత్‌సర్‌లో తొలి జన ఔషధి దుకాణం తెరిచింది. తెలుగుదేశం ప్రభుత్వం డ్వాక్రా మహిళల చేత అన్న సంజీవని దుకాణాలు పెట్టించింది. ఇవి ధర తగ్గిస్తాయి, ఖర్చు భరించవు.

ఇతర దేశాల్లో

కొన్ని సంపన్న దేశాలు మొదట ఇచ్చి తర్వాత తీసేశాయి. జర్మనీ ప్రభుత్వ బీమా 2004 జనవరి నుంచి పెద్దవాళ్ళకు చీటీ అక్కరలేని మందుల ఖర్చు ఆపేసింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ఉంచింది. ఇంగ్లండులో 2018 మార్చిలో 35 చిన్న జబ్బులకు షాపులో దొరికే మందులను డాక్టర్లు రాయవద్దని మార్గదర్శకాలు వచ్చాయి. అమెరికాలో 2011 నుంచి పన్నులేని వైద్య ఖాతా డబ్బుతో ఇవి కొనాలంటే చీటీ కావాలన్నారు, 2020లో కోవిడ్ సమయంలో ఆ షరతు ఎత్తేశారు. ఆళ్లగడ్డ పరిస్థితి వీటికి భిన్నం. ఇక్కడ తీసెయ్యడానికి మొదట ఇచ్చిందే లేదు.

ధరలు, పన్నులు

షాపు బిల్లును నేరుగా తాకినవి బీమా నిర్ణయాలు కావు, ధరల ఉత్తర్వులు. ఈ కథలో నంద్యాలకు ఒక విచిత్రమైన పాత్ర ఉంది. 1991 ఉప ఎన్నికలో ఇక్కడి నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్ళిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగానే 1995 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1979లో 347గా ఉన్న నియంత్రిత మందులు 1987లో 142 అయ్యాయి. 1995 ఉత్తర్వుతో వాటి సంఖ్య ఇంచుమించు సగానికి పడిపోయింది. మందుల కంపెనీలు పెరగడానికి అది తోడ్పడింది, కొనుక్కునేవాడికి ఏమి ఒరిగిందన్నది ఇప్పటికీ వాదనే. 2013 ఉత్తర్వు అత్యవసర మందుల జాతీయ జాబితాకు గరిష్ఠ ధర పెట్టడంతో పారాసిటమాల్ 500 మళ్ళీ అదుపులోకి వచ్చింది.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబు నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. ఇక రాష్ట్రానికి వస్తే, మంత్రివర్గం 2025 సెప్టెంబరులో అందరికీ వర్తించే ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చెల్లించాలి. అంటే 2007 నాటి ప్రీమియం పద్ధతి సగం వెనక్కి వచ్చినట్టు. ఇదీ ఆస్పత్రి చికిత్సల జాబితా మీద నడిచేదే. ఆ నెల 22 నుంచే మందుల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. చీటీ లేకుండా షీటు కొనే మనిషికి ఆ ఏడాది నేరుగా అందిన ఊరట ఆ పన్ను తగ్గింపే.