గొడ్రాలను మాట – రెండు మాత్రల చరిత్ర

అమలాపురము చెంతనున్న బండారులంక నేతగాండ్ర యూరు. పడుగులో పోగు తెగినచో అచటి నేతగాడు మగ్గమును నిందింపడు. తెగినచోట ముడివైచి మరల నేయును. కాని కోడలి కడుపు పండనిచో లోకము చిరకాలముగా ఆమెకు ‘గొడ్రా’లని పేరు పెట్టినది. నాగులచవితినాడు పుట్టలో పాలుపోసి మ్రొక్కుకొనుట తప్ప ఆమెకు వేరు దారి లేకుండెను. ఆ పేరెంత యన్యాయమో వైద్యచరిత్ర తెలుపుచున్నది.

1935లో చికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ అనువారు ఋతుక్రమము తప్పిన ఏడుగురు స్త్రీలను గూర్చి వ్రాసిరి. వారి అండాశయములు చిన్నచిన్న నీటితిత్తులతో నిండియుండెను. శస్త్రచికిత్సచే అండాశయములలో కొంతభాగమును తొలగింపగా ఏడుగురికిని ఋతుక్రమము మరలివచ్చెను; ఇద్దరు గర్భవతులైరి. ఆ తిత్తులు పక్వము కాక నిలిచిపోయిన అండకోశములే. అనగా అండములు లేకపోలేదు, విడుదల కాలేదు.

పిదప కత్తికి బదులు మాత్ర వచ్చినది. అమెరికాలో 1956లో తయారైన క్లోమిఫీన్ అండమును విడుదల చేయింపగలదని 1961లో గ్రీన్‌బ్లాట్ బృందము ప్రకటించెను. శరీరమున ఈస్ట్రోజెన్ చాలదని ఈ మందు మెదడును నమ్మించును. అంతట పీయూషగ్రంథి అండమును పండించు హార్మోనును హెచ్చుగా పంపును.

రెండవది లెట్రొజోల్. రొమ్ము క్యాన్సరుకై పుట్టిన ఈ మందు ఈస్ట్రోజెన్ తయారీనే తాత్కాలికముగా తగ్గించును. దీనితో అండము విడుదల యగునని 2001లో టొరంటో వైద్యులు వెల్లడించిరి. శిశువులకు అవయవలోపములు కలుగునేమోనను శంకతో భారత ప్రభుత్వము 2011లో సంతానచికిత్సయందు దీనిని నిషేధించెను. 2014లో అమెరికాలో 750 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడెను. లెట్రొజోల్ వాడినవారిలో 27.5 శాతము మంది, క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతము మంది బిడ్డలను కనిరి. శిశువుల లోపములలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. 2017లో మన నిషేధము తొలగినది. 2023 నాటి అంతర్జాతీయ వైద్యసూచనలు ఈ వ్యాధికి మొదట వాడదగిన మందుగా దీనినే పేర్కొన్నవి.

ఐనను ఆ పరీక్షలో మెరుగైన మందు వాడినవారిలోనే నూటికి డెబ్బదిమందికి పైగా ఫలము దక్కలేదని మరువరాదు. వారిని నిందించుటకు మనకు హక్కు లేదు. ఈ మాత్రలు వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలయును. కవలలు కలుగు అవకాశమును హెచ్చును. మాత్రకు ముందు భర్తకును పరీక్ష జరుగవలయును, ఏలయన లోప మాతనియందును ఉండవచ్చును. పోగు తెగినచోటు వెదకుట నేతగానికి తెలిసిన న్యాయము. ఆ న్యాయము మన యిండ్లలోని ఆడుబిడ్డలకును దక్కుగాక!