మీ నేటివ్ ఏది?

రైల్లో పక్క సీటాయనతో మాట కలిస్తే, పేరూ ఉద్యోగమూ అయ్యాక వచ్చే ప్రశ్న ఇదే: "మీ నేటివ్ ఏదండీ?" ఇప్పుడుంటున్న ఊరు చెబితే ఆయనకి ఆనదు. పుట్టిన ఆసుపత్రి ఏ పట్నంలో ఉందో చెప్పినా ఆనదు. తాతగారి ఇల్లు, పొలం ఎక్కడ ఉన్నాయో, కనీసం ఒకప్పుడు ఎక్కడ ఉండేవో, ఆ ఊరు చెప్పాలి. ఇదే ప్రశ్న లండన్ రైల్లో అడిగితే ఎదుటివాడు తెల్లమొహం వేస్తాడు. నేటివ్ అన్న ముక్కని సొంతూరికి పేరుగా వాడుకోవడం మన దేశంలో మప్పిన అలవాటు.

మాట లాటిన్‌ది. పుట్టుకతో వచ్చినదాన్ని 'నాటివుస్' అన్నారు. నేషన్, నేచర్ ఆ కుదురువే. అమాయకుడనే అర్థమున్న 'నైవ్' అయితే సాక్షాత్తూ ఇదే మాట, ఫ్రెంచివాళ్ల నోట అరిగి అలా తయారైంది. ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృతంలోని 'జన్' ధాతువూ, ఈ లాటిన్ మాటా ఒక తల్లి పిల్లలు. అంటే మన జాతి, జాతకం నేటివ్‌కి దూరపు చుట్టాలన్నమాట. ఇంగ్లీషు జ్యోతిష్కులు జాతకచక్రాన్ని 'నేటివిటీ' అనడం అందుకే వింతగా తోచదు.

పుట్టుక గొప్పగా ఉన్నా పెరిగిన తీరు బాగాలేదు. మధ్యయుగాల ఇంగ్లండు దస్తావేజుల్లో నాటివుస్ అంటే పుట్టుకతోనే దొరగారి భూమికి కట్టుబడిపోయిన రైతు. దొర అనుమతి లేకుండా ఊరు వదలడానికి వీల్లేదు. 'వర్నాక్యులర్' కథా ఇలాంటిదే: యజమాని ఇంట్లో పుట్టిన బానిసని రోమన్లు 'వెర్నా' అనేవారు. 1878లో లిట్టన్ దొర దేశభాషా పత్రికల నోరు నొక్కడానికి తెచ్చిన చట్టానికి వర్నాక్యులర్ ప్రెస్ యాక్ట్ అని పేరు. పేరు పెట్టినవాళ్లు వ్యుత్పత్తి చూసుకున్నారో లేదో గాని, అతికినట్టు సరిపోయింది.

ఆ చిన్నచూపే ఓడెక్కి ఇక్కడికీ వచ్చింది. కంపెనీ సైన్యంలో మనవాళ్ల దళం 'మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ'. తమాషా ఏమిటంటే, దొరలకి నేటివ్ అయిన ఆ సిపాయి ఉత్తరాదివాళ్లకి 'తిలంగా'. తొలినాళ్ల సిపాయిల్లో తెలుగు దేశంవాళ్లు ఎక్కువ కాబట్టి, అటువైపు సిపాయి అంటేనే తిలంగా అయిపోయింది. 1885లో దళాల పేర్లలోంచి నేటివ్ తీసేశారు. నిజాం రాజ్యం మాత్రం దొరల కాగితాల్లో 'నేటివ్ స్టేట్'గానే ఉండిపోయింది. 1883లో, భారతీయ న్యాయాధికారులు మొఫసిల్లో తెల్లవాళ్లని కూడా విచారించవచ్చంటూ ఇల్బర్ట్ బిల్లు తెస్తే, నేటివ్ ముందు మేము బోనెక్కాలా అని కలకత్తా దొరలు వీరంగం వేశారు. బిల్లుకి నీళ్లు కలిపాకే వాళ్లు చల్లారారు.

దొరే మన బట్ట కట్టి మన పిల్లని చేసుకుంటే 'నేటివ్ అయిపోయాడు' అనేవారు, జబ్బు చేసినట్టు. హైదరాబాద్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాని పెళ్లాడితే కంపెనీ విచారణ పెట్టింది. ఆయన కట్టించిన రెసిడెన్సీ భవనంలోనే కోఠీ మహిళా కళాశాల నడిచింది.

దక్షిణాఫ్రికాలో 1913 నాటి నేటివ్స్ ల్యాండ్ యాక్ట్ అక్కడి నల్లవారికి మిగిల్చింది దేశభూమిలో సుమారు 7 శాతం. పేరులో వాళ్లు నేటివ్‌లు, నేల మాత్రం వచ్చినవాళ్లది! అమెరికాలో ఇంకో విడ్డూరం. 1840ల్లో తమని తాము 'నేటివ్ అమెరికన్లు' అని చెప్పుకున్నది అక్కడ పుట్టిన తెల్ల ప్రొటెస్టెంట్లు, ఐర్లండు నుంచి దిగుతున్న క్యాథలిక్కుల మీద కోపంతో. ఆ మాట అసలు ఆదివాసుల పేరుగా వాడుకలో స్థిరపడింది 1960ల తర్వాతే. తానై పెట్టుకుంటే దర్పం, ఎదుటివాడికి తగిలిస్తే ఈసడింపు: ఈ మాటకి ఆ రెండు ముఖాలూ మొదటినుంచీ ఉన్నాయి.

ఏ మచ్చా లేకుండా దీనివల్ల బాగుపడినవి ఇంగ్లండు ఆల్చిప్పలే. విట్‌స్టబుల్ తీరంలో దొరికే స్థానిక రకాన్ని 'నేటివ్స్' అంటారు. పసిఫిక్ రకం కంటే వాటికి ధర ఎక్కువ.

మన దగ్గర దీనికి ముదురు రంగు వేసింది సినిమావాళ్లు. "కథ బాగుంది గానీ నేటివిటీ లేదు" అంటే తెలుగువాడికి చప్పున తెలిసిపోతుంది. వీధి మనది కాదు, మాట యాస మనది కాదు, పెళ్లిలో తలంబ్రాలు పోసే తీరు మనది కాదు అని. మలయాళం నుంచో తమిళం నుంచో కథ కొని రీమేక్ చేసిన దర్శకుడు ఇంటర్వ్యూలో తప్పకుండా అనే మాట "మన నేటివిటీకి తగ్గట్టు మార్పులు చేశాం" అని. ఒక్కోసారి ఆ మార్పు నాలుగు ఫైట్లే అవుతుంది, అది వేరే సంగతి. ఇంగ్లండులో నేటివిటీ అంటే క్రీస్తు జననం. బళ్లో పిల్లలు తువ్వాలు తలకి చుట్టుకుని గొర్రెల కాపరుల వేషం కట్టే క్రిస్మస్ నాటకం. మనం అర్థం తప్పుగా వాడుతున్నామని పండితులు గొణిగినా, ఒక్క మాటతో ఇంత చెప్పగల ఇంకో మాట నాకైతే దొరకలేదు.

సర్కారు లెక్క మళ్లీ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ సీట్ల కోసం వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుణ్ణి పుట్టుక చూసి తేల్చలేదు. అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడో చూసింది. అందుకే గుంటూరు తాతగారి మనవడు వరంగల్ బళ్లో చదివి ఆ ప్రాంతపు స్థానికుడవుతాడు. డాలస్‌లో పుట్టిన అతని చిన్నాన్న కూతురు అమెరికా జనగణన ప్రకారం నేటివ్. సెలవులకి వచ్చి పెళ్లిలో కూర్చుంటే, ఆ పిల్లని కూడా ఎవరో పెద్దావిడ అడుగుతుంది, "మీ నేటివ్ ఏదమ్మా?" అని. వెనక నుంచి వాళ్లమ్మ అందిస్తుంది, "గుంటూరు చెప్పు."