పేరు తెలియని రోగానికి మందు

వైరస్ ఎవరి కంటా పడకముందే దానికి వైద్యం మొదలైంది. హెపటైటిస్ సి కథలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే.

1970లలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో హార్వే ఆల్టర్ ఒక సంగతి తేల్చారు. రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కాలేయం వాచిపోతోంది. కారణం హెపటైటిస్ ఎ కాదు, బి కూడా కాదు. మరేమిటో అంతుపట్టలేదు. అయినా 1986లో అక్కడే జే హూఫ్‌నాగెల్ బృందం 10 మంది రోగులకు ఇంటర్‌ఫెరాన్ అనే మందు ఇచ్చి చూసింది. ఎక్కువమందిలో పెరిగిపోయిన కాలేయ ఎంజైములు దిగొచ్చాయి. కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జ్ కువో, వాళ్లతో కలిసి పనిచేసిన డేనియల్ బ్రాడ్లీ ఆ రోగం సోకిన చింపాంజీ రక్తంలోంచి హెపటైటిస్ సి వైరస్ జాడ పట్టింది 1989లో.

శత్రువు దొరికినా రోగి కష్టం మాత్రం తీరలేదు. వారానికి మూడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత వాటికి తోడు రైబవిరిన్ మాత్రలు. జ్వరం, ఒళ్లునొప్పులు, రక్తహీనత, జుట్టు రాలడం, మనసు కుంగిపోవడం. ఈ వైరస్‌లో మొండిరకమైన జీనోటైప్ 1 ఉన్నవాళ్లు 48 వారాలు ఇవన్నీ భరించినా, సగానికి పైగా మందికి నయమయ్యేది కాదు.

కొత్తగా సోకినవాళ్ల సంగతి వేరు. కొందరికి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. అలాంటప్పుడు ఇంత కఠినమైన మందు ఇవ్వాలా, ఆగి చూడాలా? 2001లో జర్మనీ వైద్యులు 44 మందికి తొలిదశలోనే 24 వారాలు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. 43 మంది రక్తంలో వైరస్ మాయమైంది. అదే పాత మందు, వేళకు పడింది, అంతే.

అసలు మలుపు ఫార్మాసెట్ అనే చిన్న కంపెనీలో వచ్చింది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసుకునేటప్పుడు, అసలు అక్షరంలాగే కనిపించే నకిలీ అక్షరాన్ని అందిస్తే నకలు అక్కడితో ఆగిపోతుంది. అయితే ఆ నకిలీ పనిచేయాలంటే దానికి ఫాస్ఫేట్లు తగలాలి. మొదటి ఫాస్ఫేట్‌ను తగిలించడానికి కణం మొరాయిస్తుంది. పోనీ ముందే తగిలించి పంపుదామంటే, విద్యుదావేశం వల్ల అది కణపు పొరను దాటదు. మైకేల్ సోఫియా బృందం ఆ ఫాస్ఫేట్‌కు ముసుగు వేసి పంపింది; కాలేయంలోని ఎంజైములే ఆ ముసుగు తీసేస్తాయి. ఆ ముసుగు వేసిన మందే సోఫోస్‌బువిర్.

2013 డిసెంబరులో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పటికే ఫార్మాసెట్‌ను కొనేసిన గిలియడ్ పెట్టిన ధర మాత్రకు 1,000 డాలర్లు, 12 వారాలకు 84,000. మందు కనిపెట్టిన ఆనందాన్ని ఆ బిల్లు మింగేసింది. మరుసటి ఏడాది భారతీయ కంపెనీలకు దాన్ని తయారుచేసే లైసెన్సులు దక్కాయి, వాటిలో హైదరాబాద్ హెటెరో ఒకటి. 2015 మార్చిలో మన నాట్కో కంపెనీ అదే మందును 'హెప్సినాట్' పేరుతో తెచ్చింది: 28 మాత్రల సీసా 19,900 రూపాయలు.

ఆగి చూడాలా అన్న పాత ప్రశ్నకు ఇప్పుడు పెద్దగా పస లేదు. 2025లో గ్లెకాప్రెవిర్-పిబ్రెంటాస్విర్ అనే మరో మందు మాత్రలను కొత్తగా సోకినవాళ్లకు కూడా వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. కోర్సు 8 వారాలు, సూది లేదు.