అధివృక్క గ్రంథుల వైకల్యము: లవణ, విటమిను సమతౌల్యమును కాపాడు చికిత్స, దాని చరిత్ర

మూత్రపిండముల పైకొనల నంటియుండు అధివృక్క గ్రంథుల వెలుపలి పొర క్షీణించినపుడు, ఆల్డోస్టిరోను, కార్టిసాలు అను హార్మోనులు కొరవడి, సోడియము మూత్రము వెంట పోయి, పొటాషియము రక్తమున పేరుకొని, నీరసము, రక్తపీడనము పడిపోవుట, చర్మము నల్లబడుట, ఉప్పుపై తీరని మక్కువ పొడసూపును.

ఆరంభము: 16వ శతాబ్దమున ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు యూస్టాకీ ఈ గ్రంథులను వర్ణించెను, తరువాత మూడు శతాబ్దముల వరకు వీని ప్రయోజనము తేలలేదు. 1855లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసను పదునొకండుగురు రోగుల వృత్తాంతములతో ఈ వ్యాధిని లోకమునకు తెలిపెను. 1856లో బ్రౌన్-సెకార్డు ఈ గ్రంథులను తొలగించిన జంతువులు బ్రతుకవని చూపెను. అడిసను రోగులలో పెక్కుర గ్రంథులను క్షయ హరించియుండెను. భారతదేశమున నేటికిని అది ముఖ్య కారణములలో నొకటి.

లవణ చికిత్స: ఈ చరిత్రలో మిక్కిలి ఫలవంతమైన కాలము 1927 మొదలు 1940 వరకు గడచినది. 1927లో బామను, కుర్లాండు గ్రంథులు తొలగించిన పిల్లుల రక్తమున సోడియము తగ్గి పొటాషియము పెరుగుట గమనించిరి. 1930లో స్వింగిలు, ఫిఫ్నరు గ్రంథిసారమును సిద్ధపరచిరి. న్యూయార్కున కొలంబియా విశ్వవిద్యాలయపు రాబర్టు లోబు రోగుల రక్తమునను సోడియము కొరవడుట 1932లో నిరూపించి, మరుసటి యేట వంటింటి ఉప్పుతోనే రోగికి మేలు చేకూర్చెను. సులభమును, ప్రశంసనీయమునగు ఈ చికిత్సకు తోడుగా, 1937లో మేయో క్లినిక్కున వైల్డరు ఆహారమున పొటాషియమును తగ్గించు పద్ధతిని ప్రవేశపెట్టెను.

శరీరము తన కొరతను తానే యెరుగునని శాస్త్రజ్ఞుడు కర్ట్ రిక్టరు చేసిన ప్రయోగములు చాటినవి: గ్రంథులు తొలగించిన ఎలుకలకు మంచినీరును ఉప్పునీరును ఎదుట నుంచగా, అవి ఉప్పునీటినే విరివిగా త్రాగి ప్రాణములు నిలుపుకొనెను. 1940లో విల్కిన్సు, రిక్టరు ప్రకటించిన వృత్తాంతము హృదయవిదారకము. మూడున్నరేండ్ల బాలుడొకడు బిస్కత్తులపై ఉప్పును నాకుచు, వట్టి ఉప్పును తినుచు జీవించెను. ఆసుపత్రిలో సాధారణాహారము పెట్టగా వారము దినములలోనే మరణించెను. వాని గ్రంథుల లోపము పిమ్మట శవపరీక్షలో బయల్పడెను.

హార్మోనులు: 1937లో రైక్‌స్టైను బృందము సిద్ధపరచిన డీఆక్సీకార్టికోస్టిరోను ఉప్పును నిలుపగలిగినను, మోతాదు మించినచో ఒడలు నీరు పట్టుట, రక్తపు పోటు, పొటాషియపు క్షీణత కలిగెను. ఈ గ్రంథుల మరియొక హార్మోనగు కార్టిసోను పరిశోధనలకు కెండాలు, రైక్‌స్టైను, హెంచి 1950లో నోబెలు బహుమానము నందిరి. 1953లో సిల్వియా సింప్సను, జేమ్సు టైటు ప్రభృతులు ఆల్డోస్టిరోనును వేరుపరచిరి. అనతికాలముననే ఆల్డోస్టిరోను వలె ఉప్పును నిలుపు ఫ్లూడ్రోకార్టిసోను వాడుకలోనికి వచ్చెను.

విటమినులు: 1928లో సెంట్-జ్యోర్జీ ఈ గ్రంథుల నుండియే వేరుపరచిన పదార్థము విటమిను సి యని 1932లో తేలెను, అయినను అది హార్మోనునకు బదులు కాజాలదు. స్వీయరక్షణశక్తియే గ్రంథులను నశింపజేసిన రోగులలో కొందరికి బి12 కొరతయు సంభవించును. స్టిరాయిడులు ఎముకలను సడలింపవచ్చును గావున విటమిను డి, కాల్షియము చాలినంత యుండవలెను.

ప్రస్తుత పద్ధతి: పెద్దలకు దినమునకు 15 నుండి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోను (మందుగ నిచ్చు కార్టిసాలు) రెండు మూడు విడతలుగను, 0.05 నుండి 0.2 మిల్లీగ్రాముల ఫ్లూడ్రోకార్టిసోను ఒక మారుగను సామాన్యముగ నిత్తురు. చెమట మిక్కుటముగ పట్టు వేసవిలో ఉప్పు గాని ఫ్లూడ్రోకార్టిసోను గాని వైద్యుని సలహాపై పెంచవలసి రావచ్చును. జ్వరమున హైడ్రోకార్టిసోను మోతాదును రెండు మూడింతలు చేయుదురు. వాంతులై మాత్ర నిలువనిచో 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోను సూదిమందును సెలైనును ఆలస్యము లేక ఇచ్చుటయే ప్రాణరక్షకము. అందువలన రోగి తన వ్యాధిపేరు, మందులు వ్రాసిన చీటిని సదా వెంట నుంచుకొనవలెను.